గణాల నుంచి గ్రామర్ల దాకా

(ఇంజినీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇక్కడ మూడో సంవత్సరం వాళ్లే ఎక్కువమంది ఉన్నారని చెప్పారు. అంటే ఫ్లాట్ పేపరు ఈ సెమిస్టర్‌లోనో, పోయిన సెమిస్టర్‌లోనో మీకు తగిలే ఉంటుంది. ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ. డీఎఫ్‌ఏలు అనే యంత్రాల బొమ్మలు రెండు గీయి, పంపింగ్ లెమ్మా అనే సూత్రం బట్టీ పట్టు, గట్టెక్కు అని సీనియర్లు చెబుతుంటారు. ఈ సబ్జెక్టంటే నాకు ప్రాణం. అందుకే ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇందులో ఉన్నదంతా ఒకే ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అక్షరాల వరుస ఒకటి మన ముందుంది. ఎడమ నుంచి ఒక్కో అక్షరం చదువుకుంటూ పోతున్నాం. చివరికి వెళ్లాక ఇది సరైన వరుసా, కాదా అని చెప్పాలి. అలా చెప్పాలంటే అప్పటిదాకా చదివిన దాంట్లో ఎంత గుర్తుపెట్టుకోవాలి? ఈ గంటా ఈ ప్రశ్న చుట్టూనే మాట్లాడతాను.

ముందు సరంజామా. ఒక ఆల్ఫబెట్ కావాలి, అంటే పరిమితమైన కొన్ని గుర్తులు. పుస్తకాల్లో 0, 1 తీసుకుంటారు. నేను గ, ల తీసుకుంటాను, గురువు, లఘువు. ఈ గుర్తుల్ని పక్కపక్కన పేరిస్తే స్ట్రింగ్. కొన్ని స్ట్రింగుల సమూహమే లాంగ్వేజ్. అర్థం, ఉచ్చారణ లాంటివేవీ ఇక్కడ లెక్కలోకి రావు. ఈ స్ట్రింగ్ ఈ సమూహంలో ఉందా, లేదా అన్నదొక్కటే ప్రశ్న. సమూహంలో లెక్కలేనన్ని స్ట్రింగులు ఉండొచ్చు. కానీ దాన్ని వర్ణించే నియమాలు మాత్రం పరిమితంగా ఉండాలి. ఆ నియమాల పట్టికే గ్రామర్.

ఇప్పుడు ఆటవెలది తీసుకుందాం. స్కూల్లో గణవిభజన చేసినవాళ్లే మీరంతా. ఒకటీ, మూడూ పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండూ, నాలుగూ పాదాల్లో అయిదూ సూర్యగణాలే. బోర్డు మీద గ్రామర్‌గా రాస్తున్నాను.

పద్యం → బేసి సరి బేసి సరి
బేసి → సూ సూ సూ ఇం ఇం
సరి → సూ సూ సూ సూ సూ
సూ → గల | లలల
ఇం → లలలల | లలలగ | లలగల | గలల | గలగ | గగల

చూశారా, అయిదు లైన్లు. బాణానికి ఎడమ పక్కనున్న పద్యం, బేసి, సరి, సూ, ఇం అనేవి నాన్‌టెర్మినల్స్, మధ్యలో వచ్చి పోయే పేర్లు. చివరికి మిగిలేవి గ, ల మాత్రమే, అవి టెర్మినల్స్. నిలువు గీతకి 'లేదా' అని అర్థం. పద్యం అన్న పేరుతో మొదలుపెట్టి, పేరు కనిపించిన ప్రతిచోటా దాని కుడి పక్కనున్నది పెట్టుకుంటూ పోతే, ఆటవెలదికి ఒప్పే గురులఘు క్రమాలన్నీ ఈ అయిదు లైన్ల నుంచే పుడతాయి.

ఎన్ని పుడతాయి? బేసి పాదంలో సూర్యగణానికి రెండేసి దారులు, ఇంద్రగణానికి ఆరేసి. 2×2×2×6×6, అంటే 288. సరి పాదానికి 32. నాలుగు పాదాలకీ కలిపి 288×32×288×32. మొత్తం 8 కోట్ల 49 లక్షల 34 వేల 656. ఇందులో ఒకే క్రమం రెండుసార్లు లెక్కకి రాలేదని ఎలా చెప్పగలం? ఆ ఆరు ఇంద్రగణాల్ని మళ్లీ చూడండి. ఏ గణమూ ఇంకో గణానికి ఆరంభ భాగం కాదు. సూర్యగణాలూ అంతే. కాబట్టి ఎడమ నుంచి చదువుకుంటూ పోతే గణం ఎక్కడ తెగుతుందో ఒకే ఒక్క దారి ఉంటుంది. కంప్యూటర్ సైన్స్‌లో దీన్ని ప్రిఫిక్స్ కోడ్ అంటాం. మన లాక్షణికులు చెవితో ఎంచుకున్న గణాలకి ఈ గుణం ఉండటం నన్నెప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ఒక పాదం పట్టి చూద్దాం. 'చెట్టు కింద చేరి చిన్నవాడు పలికె'. పద్యమేమీ కాదు, మన లెక్క కోసం నేను అల్లుకున్నది. చె పక్కన ట్టు ఉంది కాబట్టి గురువు, ట్టు లఘువు. చెట్టు గల, కింద గల, చేరి గల. మూడు సూర్యగణాలు అయ్యాయి. చిన్నవా గలగ, అది ర గణం. డుపలికె లలలల, అది నలం. సరిపోయింది. ఇప్పుడు మన ప్రశ్న వేసుకోండి. ఈ పని చేస్తుంటే మీ బుర్రలో ఏముంది? రెండో గణంలో గురువు వచ్చిందా, లఘువా అన్నది నాలుగో గణంలో ఉన్నప్పుడు మీకు అవసరమే లేదు. 'ఇప్పుడు ఎన్నో గణంలో ఉన్నాను, అందులో ఎంతవరకు వచ్చాను' అన్నది చాలు.

దాన్నే స్టేట్ అంటాం. వైకుంఠపాళి ఆడారు కదా? మీ కాయ 37వ గడిలో ఉందనుకోండి. నిచ్చెనెక్కి వచ్చిందా, పాము మింగితే కిందికి జారి వచ్చిందా అన్నది ఇక ఆటకి పట్టదు. ఇకపై ఏం జరుగుతుందో ఆ గడీ, రాబోయే పందెం, ఈ రెండే తేలుస్తాయి. ఫైనైట్ ఆటోమేటన్ అంటే అలా పరిమితమైన గళ్లున్న పలక. ఇక్కడ పందెం అంటే రాబోయే అక్షరం. చదవడం అయ్యేసరికి కాయ ఒప్పుకునే గడిలో ఉంటే స్ట్రింగ్ ఆ లాంగ్వేజ్‌లో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇలాంటి యంత్రం పట్టుకోగల లాంగ్వేజ్‌ని రెగ్యులర్ అంటాం.

ఉత్పలమాలకి భ, ర, న, భ, భ, ర, వ. ఇరవై అక్షరాలు. చంపకమాలకి న, జ, భ, జ, జ, జ, ర. ఇరవై ఒకటి. వేర్వేరు గణాలు కదా, రెండు వేర్వేరు యంత్రాలు గీయాలనుకుంటాం. గణాల పేర్లు చెరిపేసి గురులఘువుల్ని మాత్రం ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. ఉత్పలమాలలో మొదటి గురువుని తీసి అక్కడ రెండు లఘువులు పెడితే చంపకమాల వచ్చేస్తుంది. మిగతా పందొమ్మిది అక్షరాలూ రెండింటికీ ఒకటే. కాబట్టి యంత్రం ఒకటే చాలు. మొదటి గడిలో గ వస్తే తిన్నగా రెండో మజిలీకి. ల వస్తే ఇంకో ల కోసం ఆగి, అదే మజిలీకి. అక్కడి నుంచి దారి ఒకటే. తప్పు అక్షరం వస్తే పడే గడిని పక్కన పెడితే మొత్తం 22 స్టేట్లు. గణాల పేర్లతో చూసినప్పుడు దాగి ఉన్న చుట్టరికం, ఎంత గుర్తుపెట్టుకోవాలి అని అడగగానే బయటపడింది.

మరి యతి సంగతేంటి, ప్రాస సంగతేంటి అని మీలో ఎవరో అడగాలి. మంచి ప్రశ్న. ఆటవెలదిలో పాదం మొదటి అక్షరాన్ని నాలుగో గణం మొదలయ్యేదాకా గుర్తుపెట్టుకోవాలి. మన పాదంలో చె, చి. ఉత్పలమాలలో అయితే రెండో అక్షరంలోని హల్లుని నాలుగు పాదాలూ మోయాలి. ఇక గ, ల చాలవు, తెలుగు అక్షరాలే ఆల్ఫబెట్ కావాలి. అయినా ఇది రెగ్యులరే. హల్లులు కొన్నే కదా. ఒక్కో హల్లుకి ఒక్కో పలక చొప్పున గళ్లు పెరుగుతాయి, అంతే. వేలకి వేలు కావచ్చు, కానీ పరిమితమే. విద్యార్థులు తడబడేది సరిగ్గా ఇక్కడే. చాలా గుర్తుపెట్టుకోవడం వేరు, హద్దు లేకుండా గుర్తుపెట్టుకోవడం వేరు. మొదటిది ఎంత పెద్దదైనా ఈ రెగ్యులర్ మెట్టు దాటదు.

ఈ యంత్రాల పుట్టుక నాడీకణాల దగ్గర మొదలైంది. 1943లో మెక్‌కలక్, పిట్స్ ఇద్దరూ నాడీకణాల వలకి ఒక గణిత నమూనా ఇచ్చారు. అలాంటి వల ఏయే వరుసల్ని గుర్తుపట్టగలదు అని స్టీఫెన్ క్లీనీ ఆలోచించి 1951లో రాండ్ సంస్థలో ఒక నివేదిక రాశాడు. అది 1956లో అచ్చయింది. మీరు వాడే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే టెక్స్ట్‌లో వెతకాల్సిన నమూనాని రాసే పద్ధతి, అక్కడ పుట్టింది. 1959లో రాబిన్, స్కాట్ నాన్‌డిటర్మినిస్టిక్ యంత్రాల్ని, అంటే ఒకే అక్షరానికి ఒక గడి నుంచి ఒకటికి మించి దారులు ఉండగల యంత్రాల్ని తెచ్చారు. వాటికి ఒకే దారి ఉండే డిటర్మినిస్టిక్ యంత్రాల కంటే ఎక్కువ శక్తేమీ లేదని కూడా నిరూపించారు. 1968లో కెన్ థాంప్సన్ దీన్ని టెక్స్ట్ వెతకడానికి వాడాడు. యంత్రం ఉండగల గళ్లన్నిటి మీదా ఒకేసారి కాయలు పెట్టి, అన్నిటినీ కలిపి జరుపుకుంటూ పోవడం ఆయన పద్ధతి. వెనక్కి వెళ్లే పనే ఉండదు.

అది మరిచిపోతే ఏమవుతుందో 2019 జూలై 2న ప్రపంచం చూసింది. వెబ్‌సైట్లకి రక్షణ కల్పించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ, దాడుల్ని అడ్డుకునే తన ఫైర్‌వాల్‌లో ఒక కొత్త రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పెట్టింది. దాన్ని నడిపే ఇంజన్ ఒక దారి పట్టి వెళ్లి, కుదరకపోతే వెనక్కొచ్చి, ఇంకో దారి పట్టే రకం. ఏది పడితే అది ఎన్నిసార్లయినా అనే ముక్క పక్కపక్కనే రెండుసార్లు వచ్చేసరికి ప్రయత్నించాల్సిన దారులు గుట్టలుగా పెరిగాయి. ప్రపంచమంతటా వాళ్ల సర్వర్ల సీపీయూలు నూరు శాతానికి చేరాయి. 27 నిమిషాల పాటు లెక్కలేనన్ని సైట్లు తెరుచుకోలేదు. ఆ తర్వాత, టైముకి హామీ ఉండే ఇంజన్లకి మారతామని సంస్థ ప్రకటించింది. 1968 నాటి థాంప్సన్ పద్ధతి ఇచ్చేది ఆ హామీనే.

సరే, రెగ్యులర్ మెట్టు ఎక్కడ ఆగిపోతుంది? కొన్ని గలు, తర్వాత సరిగ్గా అన్నే లలు. గల, గగలల, గగగలలల, ఇలా. గ అంటే తెరిచే బ్రాకెట్టు, ల అంటే మూసే బ్రాకెట్టు అనుకోండి, మీరు రోజూ రాసే కోడే ఇది. దీనికి 50 గళ్ల యంత్రం గీశానని ఎవరో అన్నారనుకుందాం. వాళ్ల యంత్రానికి వరుసగా 60 గలు ఇస్తాను. గళ్లు 50 మాత్రమే ఉన్నాయి కాబట్టి, కాయ ఎక్కడో ఒకచోట అదే గడికి రెండోసారి రాక తప్పదు. 13 గలు చదివాకా, 40 గలు చదివాకా ఒకే గడిలో ఉందనుకోండి. అంటే ఇక ఆ యంత్రానికి 13కీ 40కీ తేడా తెలియదు. ఇప్పుడు 13 లలు ఇస్తాను. 13 గలు, 13 లలు సరైన వరుసే కాబట్టి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే 40 గలు, 13 లలు కూడా ఒప్పుకున్నట్టే. తప్పు. 50 బదులు 50 లక్షల గళ్లు పెట్టినా నేను 60 లక్షల గలు ఇస్తాను. పంపింగ్ లెమ్మా వెనకున్న ఆలోచన ఇంతే. యంత్రం మతిమరుపుని పట్టుకోవడం.

కానీ గ్రామర్ రాయడానికి ఒక్క లైను చాలు.

వా → గ వా ల | గల

వా లోపల మళ్లీ వా. తన గురించి తానే చెప్పుకునే నియమం. దీన్ని నడపాలంటే యంత్రానికి ఒక స్టాక్ ఇవ్వాలి. గ వచ్చినప్పుడల్లా ఒకటి పైన పెట్టు, ల వచ్చినప్పుడల్లా పైనున్నది తియ్యి. చివర పెట్టిందే ముందు బయటికొస్తుంది. గుర్తుపెట్టుకునే చోటుకి హద్దు లేదు, కానీ తీసే పద్ధతి మాత్రం ఒకటే. ఇది కాంటెక్స్ట్ ఫ్రీ మెట్టు, అంటే పక్కన ఏముందో చూడకుండానే పేరు బదులు దాని కుడి పక్కది పెట్టే నియమాల మెట్టు.

మన వాక్యాల్లోనూ ఇది కనిపిస్తుంది. 'శీను, లత రవి వచ్చాడని చెప్పిందని అనుకున్నాడు.' నెమ్మదిగా వినండి. శీను, లత, రవి అని ముగ్గురు వరుసగా వచ్చారు. తర్వాత మూడు క్రియలు. వచ్చాడు, అది రవిది. చెప్పింది, అది లతది. అనుకున్నాడు, అది శీనుది. చివర వచ్చిన కర్తకి మొదటి క్రియ. అచ్చం స్టాకే. లతకి 'చెప్పాడని' పెడితే చెవికి వెంటనే తేడా కొడుతుంది. అంటే లింగం కూడా స్టాక్‌లో దాచుకుంటున్నాం. అయితే మనం మామూలుగా ఇలా మాట్లాడతామా? 'రవి వచ్చాడని లత చెప్పిందని శీను అనుకున్నాడు' అంటాం. ఎవరి క్రియ వాళ్ల పక్కనే, దాచుకోవాల్సిన పనే లేదు. తెలుగు రెండు దారులూ ఇస్తుంది, మాట్లాడేవాళ్లు జ్ఞాపకానికి బరువు తక్కువైనది పట్టుకుంటారు. ఇంగ్లీషులో ఇలా ఒకదాన్లో ఒకటి ఇమిడిన వాక్యాల్ని చూపించే 1956లో భాషాశాస్త్రవేత్త నోమ్ చాంస్కీ, ఫైనైట్ స్టేట్ నమూనా ఇంగ్లీషుకి చాలదని వాదించాడు. గ్రామర్ల మెట్లకి తుదిరూపం 1959లో ఇచ్చాడు.

అదే రోజుల్లో, వేరే అవసరంతో, జాన్ బాకస్ 1959లో పారిస్‌లో జరిగిన యునెస్కో సమావేశంలో కొత్త ప్రోగ్రామింగ్ భాష వాక్యనిర్మాణాన్ని రాసే పద్ధతి ఒకటి చూపించాడు. పీటర్ నౌర్ దాన్ని మెరుగుపరిచి ఆల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాషకి రాసిన 1960 నివేదికలో వాడాడు. బీఎన్ఎఫ్, అంటే బాకస్ నౌర్ రూపం, అదే. చాంస్కీ కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్లూ, ఇదీ ఒకటేనని 1962లో గిన్స్‌బర్గ్, రైస్ చూపించారు. 1967లో పీటర్ ఇంగర్‌మన్ ఒక ఉత్తరం రాస్తూ, దీన్ని పాణిని బాకస్ రూపం అనాలని సూచించాడు.

పాణిని పేరెత్తగానే గర్వపడి వదిలేస్తాం. నాకు అలా వదిలేయడం ఇష్టం లేదు, ఒక్క సూత్రం విప్పుదాం. పదో తరగతిలో యణాదేశ సంధి చదివారు. అతి, అంత కలిస్తే అత్యంత. దాని వెనకున్న సూత్రం 'ఇకో యణచి'. ఇకః షష్ఠి, అంటే దేని స్థానంలో. యణ్ ప్రథమ, అంటే ఏది రావాలి. అచి సప్తమి, అంటే ఏది పక్కనుంటే. అచ్చు ముందున్న ఇ, ఉ, ఋ, ఌ ల బదులు య, వ, ర, ల వస్తాయి. విభక్తుల్నే బాణం గుర్తులుగా వాడుకున్నాడు. ఏ విభక్తికి ఏ పని అన్నది అష్టాధ్యాయిలోనే వేరే సూత్రాలుగా పెట్టాడు. పక్కనున్నదాన్ని చూసి మార్చే నియమం కాబట్టి ఇది రూపంలో బీఎన్ఎఫ్ కంటే పై మెట్టు, కాంటెక్స్ట్ సెన్సిటివ్. కానీ ఇలాంటి ధ్వని నియమాలు తమ ఫలితం మీద తామే మళ్లీ మళ్లీ పనిచేయకపోతే, ఫైనైట్ స్టేట్ యంత్రమే చాలునని 1972లో డగ్లస్ జాన్సన్ చూపించాడు. నిజమే కదా. ఇ వచ్చాక తర్వాతి అక్షరం అచ్చా కాదా అని చూసేదాకా ఒక్క అక్షరం గుర్తుంటే చాలు. నియమం ఏ వేషంలో ఉందన్నది కాదు, ఎంత మోయమంటోంది అన్నది చూడాలి.

కాంటెక్స్ట్ ఫ్రీ మెట్టు దగ్గర ఒక ప్రమాదం ఉంది. 8 − 4 − 2 ఎంత? 2 అంటారు. ఈ గ్రామర్ చూడండి.

లెక్క → లెక్క − లెక్క | సంఖ్య

ఏ ముక్క దేని నుంచి వచ్చిందో కొమ్మలుగా చూపే బొమ్మని చెట్టు అంటాం. దీంతో రెండు చెట్లు గీయొచ్చు. ముందు ఎడమ తీసివేత చేస్తే 2, ముందు కుడి తీసివేత చేస్తే 6. స్ట్రింగ్ ఒకటే, చెట్లు రెండు, జవాబులు రెండు. ఇదే యాంబిగ్యుయిటీ. 'లెక్క → లెక్క − సంఖ్య | సంఖ్య' అని రాస్తే ఒకే చెట్టు మిగులుతుంది. లాంగ్వేజ్ మారలేదు, గ్రామర్ మారింది. ప్రోగ్రాంలో ఇఫ్ లోపల ఇఫ్ పెట్టి చివర ఒక్క ఎల్స్ రాసినా ఇదే చిక్కు. ఎల్స్ దగ్గరి ఇఫ్‌కే చెందుతుందని సీ భాష తేల్చేసింది. ఏ గ్రామర్ ఇచ్చినా ఇందులో యాంబిగ్యుయిటీ ఉందో లేదో చెప్పే ప్రోగ్రాం ఒకటి ఉంటే బాగుండు అనిపిస్తుంది. అలాంటిది ఉండదు. 1960ల మొదట్లోనే నిరూపణ అయిపోయింది.

పై మెట్ల గురించి కొంచెమే చెబుతాను. స్విస్ జర్మన్‌లో కర్తకర్మలూ క్రియలూ మన శీను, లత వాక్యంలా తిరగబడి రావు, మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది అన్నట్టు వస్తాయి. దానికి స్టాక్ చాలదు, కాబట్టి ఆ భాష కాంటెక్స్ట్ ఫ్రీ కాదని 1985లో స్టూవర్ట్ షీబర్ చూపించాడు. అన్నిటికంటే పైన 1936 నాటి ట్యూరింగ్ యంత్రం ఉంది. కావలసినంత కాగితం, ముందుకీ వెనక్కీ తిరిగి చదువుకునే స్వేచ్ఛ. కానీ అక్కడ 'కాదు' అన్న జవాబు ఎప్పటికైనా వస్తుందన్న హామీ లేదు.

ప్రశ్నలుంటే అడగండి.

విద్యార్థిని: సర్, ఇప్పుడు కోడ్ కూడా ఏఐ రాస్తోంది కదా. ఇంకా గ్రామర్లతో పనేముంది?

మంచి మాట అడిగావమ్మా. భాషా మోడల్ ఒక్కో టోకెన్, అంటే ఒక్కో చిన్న ముక్క, చొప్పున రాస్తుంది. ప్రోగ్రాంలు చదువుకునే జేసన్ రూపంలో జవాబు కావాలంటే ఒక బ్రాకెట్టు తప్పినా కింది ప్రోగ్రాం విరిగిపోతుంది. అందుకని పక్కన ఒక గ్రామర్ పెట్టి, ఇప్పటిదాకా రాసిన దాన్ని బట్టి తర్వాత ఏ టోకెన్లు చెల్లుతాయో చూసి, చెల్లనివాటిని ముందే కొట్టేస్తారు. కింద నడిచేది మళ్లీ స్టాక్ ఉన్న యంత్రమే. అది రాసేవాళ్లకి ఈ సబ్జెక్టు తెలియకపోతే కుదరదు.

విద్యార్థి: సర్, కంద పద్యానికి కూడా ఆటోమేటన్ వస్తుందా? దానికి నియమాలు చాలా ఎక్కువ కదా.

వస్తుంది. నియమాల్ని ఒక్కొక్కటిగా పట్టి, ఇది ఎంత మోయమంటోంది అని అడుగు. గణాలన్నీ నాలుగు మాత్రలవే, గగ, భ, జ, స, నల. అయిదే. రెండు పాదాలు కలిపితే ఎనిమిది గణాలు. బేసి గణం జ కాకూడదు, ఆరోది జ గానీ నలం గానీ కావాలి, ఎనిమిదోదాని చివర గురువుండాలి. వీటన్నిటికీ ఎన్నో గణంలో ఉన్నామో తెలిస్తే చాలు. ఇంకొకటి ఉంది. పద్యం లఘువుతో మొదలైతే నాలుగు పాదాలూ లఘువుతోనే, గురువుతో అయితే గురువుతోనే మొదలవ్వాలి. దీనికి పద్యం మొదటి అక్షరం చివరి పాదం దాకా గుర్తుండాలి. గురువా, లఘువా అన్న ఒక్క బిట్టు. అంటే పలక రెండింతలవుతుంది. ప్రాసని ప్రస్తుతానికి పక్కన పెట్టి, మొదటి రెండు పాదాలకి గీయి చాలు. నువ్వే అడిగావు కాబట్టి నువ్వే రా బాబూ, ఇదిగో చాక్‌పీసు. మొదటి గణం నుంచి మొదలుపెట్టు, ఎక్కడ ఆగితే అక్కడ అందరం కలిసి చూద్దాం.